ఉక్కు హక్కుకు గొంతునిచ్చిన ప్రజాప్రతినిధి తెన్నేటి విశ్వనాథం
మద్రాసు శాసనసభ నుంచి లోక్‌సభ దాకా సాగిన ప్రస్థానం

విశాఖపట్నం: సాగరతీర రహదారిలో కైలాసగిరికి వెళ్లే దారిలో కనిపించే తెన్నేటి పార్కు నగరవాసులకు సుపరిచితమే. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్‌కు చెందిన 'మా' అనే సరకు నౌక అలల ధాటికి ఒడ్డుకు కొట్టుకువచ్చి ఆ పార్కు సమీపంలోనే రాళ్లలో చిక్కుకున్నప్పుడు ఆ పేరు దేశమంతటా వినిపించింది. అయితే ఆ తెన్నేటి ఎవరన్న ప్రశ్నకు నేటి యువతరంలో చాలామంది వద్ద సమాధానం లేదు. విశాఖలో ఉక్కు కర్మాగారం ఉన్నదంటే, ఆ కర్మాగారం కోసం జరిగిన ఉద్యమానికి సారథ్యం వహించిన అఖిలపక్ష కార్యాచరణ సంఘానికి అధ్యక్షుడైన తెన్నేటి విశ్వనాథం కృషి అందులో ఎంతో ఉన్నది. న్యాయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు, ఆంధ్ర రాష్ట్ర తొలి మంత్రివర్గ సభ్యుడు, శాసనసభ్యుడు, లోక్‌సభ సభ్యుడు, రచయిత అయిన ఆయన రాజకీయ జీవితం ఉత్తరాంధ్ర ప్రజాప్రాతినిధ్య చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం.

ఉక్కు కర్మాగారం భవితవ్యంపై 2021 నుంచి మళ్లీ చర్చ సాగుతున్న నేపథ్యంలో, ఒక శాసనసభ్యుడు తన ప్రాంతం కోసం ఏమి చేయగలడు, ఎంతవరకు చేయగలడు అన్న ప్రశ్నకు తెన్నేటి జీవితం ఒక చక్కని ఉదాహరణగా నిలుస్తుంది.

లక్కవరం నుంచి మద్రాసుకు

తెన్నేటి విశ్వనాథం 1895లో చోడవరం ప్రాంతంలోని లక్కవరం గ్రామంలో జన్మించారు. నాడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో అనకాపల్లి జిల్లా పరిధిలోకి వెళ్లింది. ఆయన పుట్టేనాటికి విశాఖలో నేటి రేవు లేదు, విశ్వవిద్యాలయం లేదు, కర్మాగారాలు లేవు. జమీందారీల ఏలుబడిలో ఉన్న పల్లెలు, వాటి మధ్య ఒక చిన్న తీరపట్టణం మాత్రమే ఉండేవి.

న్యాయశాస్త్రం అభ్యసించి విశాఖలో న్యాయవాద వృత్తిని చేపట్టిన తెన్నేటి, గాంధీజీ పిలుపుతో జాతీయోద్యమంలోకి అడుగుపెట్టారు. ఉప్పు సత్యాగ్రహం మొదలు క్విట్ ఇండియా వరకు వివిధ దశల్లో పాల్గొని జైలుశిక్షలు అనుభవించారు. ఈ కాలంలోనే ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుతో ఆయనకు ఏర్పడిన సాన్నిహిత్యం జీవితాంతం కొనసాగింది. ప్రకాశం ఏ పార్టీలో ఉన్నా, అధికారంలో ఉన్నా లేకున్నా ఆయన వెన్నంటి నిలిచిన అనుయాయుల్లో తెన్నేటి ముఖ్యుడు.

ఇదే కాలంలో విశాఖ రూపురేఖలు కూడా మారుతూ వచ్చాయి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో స్థిరపడింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న చిత్తడి నేలలను తవ్వి నిర్మించిన రేవు 1933లో నౌకల రాకపోకలకు తెరచుకున్నది. 1941లో సింధియా సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు పట్టణంపై బాంబులు కురిపించాయి. అదే కేంద్రంలో నిర్మించిన 'జల ఉష' నౌకను 1948 మార్చిలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సముద్ర ప్రవేశం చేయించారు. ఒక తీరపట్టణం పారిశ్రామిక నగరంగా మారగలదన్న నమ్మకం ఈ పరిణామాలతో స్థానికుల్లో బలపడింది. తదనంతర కాలంలో ఉక్కు కోసం సాగిన పోరాటానికి ఈ నమ్మకమే పునాది.

ప్రతిపక్షంలో ప్రకాశం వెంట

స్వాతంత్ర్యానికి పూర్వమే మద్రాసు శాసనసభలో ప్రవేశించిన తెన్నేటి, స్వాతంత్ర్యానంతరం కాంగ్రెస్‌లో తలెత్తిన విభేదాల దరిమిలా ప్రకాశంతోపాటు ఆ పార్టీని వీడారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ తరఫున విశాఖపట్నం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు.

ఆ ఎన్నికల ఫలితాలు భారత శాసనసభల చరిత్రలో విశిష్టమైనవి. 375 స్థానాలున్న సభలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే దక్కాయి. కమ్యూనిస్టులు 62, ప్రజాపార్టీ 35 స్థానాలు గెలుచుకున్నాయి. కాంగ్రెసేతర పక్షాలు ప్రకాశం నాయకత్వంలో ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి 166 మంది బలమున్నదని ప్రకటించినప్పటికీ, గవర్నరు శ్రీప్రకాశ రాజాజీని ప్రభుత్వ ఏర్పాటుకు ఆహ్వానించారు. శాసనసభకు పోటీ చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేయడం నాడు తీవ్ర వివాదాస్పదమైంది. ఎక్కువ మంది సభ్యుల మద్దతు ఉందని చెప్పిన కూటమి ప్రతిపక్షంలో కూర్చోవలసి వచ్చిన ఆ సభలో తెన్నేటి సభ్యుడు. గవర్నరు విచక్షణాధికారంపై నేటికీ జరిగే చర్చల్లో 1952 నాటి మద్రాసు ఉదంతం ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

గుడారాల రాజధానిలో ఆర్థిక మంత్రి

పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ఆత్మార్పణ చేసిన తరువాత ప్రత్యేకాంధ్ర రాష్ట్రం ఏర్పాటుకు కేంద్రం అంగీకరించింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మద్రాసు సభలోని ఆంధ్ర ప్రాంత సభ్యులే కొత్త రాష్ట్ర శాసనసభ్యులయ్యారు. కాంగ్రెస్ మద్దతుతో ప్రకాశం ముఖ్యమంత్రి పదవిని చేపట్టగా నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. కడప కోటిరెడ్డి, దామోదరం సంజీవయ్య, ఎస్.బి.పి. పట్టాభిరామారావులతోపాటు తెన్నేటి విశ్వనాథం కూడా మంత్రివర్గంలో చేరి ఆర్థిక, న్యాయ శాఖలను నిర్వహించారు.

కొత్త రాష్ట్రానికి మద్రాసు నగరం దక్కలేదు. కార్యాలయ భవనాలు లేక కర్నూలులో గుడారాలు వేసుకుని పరిపాలన సాగించవలసి వచ్చింది. అటువంటి పరిస్థితుల్లో ఖజానా బాధ్యత వహించడం సామాన్య విషయం కాదు. అయినా ఆ పదమూడు నెలల స్వల్పకాలంలోనే కృష్ణానదిపై విజయవాడ వద్ద కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. గుంటూరులో రాష్ట్ర హైకోర్టు 1954 జూలైలో ఏర్పడింది. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. రాష్ట్రానికి న్యాయవ్యవస్థ, ఉన్నత విద్య, సాగునీరు అనే మూడు పునాదులు ఆ కాలంలోనే పడ్డాయి.

అయితే మద్య నిషేధం ప్రభుత్వానికి గుదిబండగా మారింది. నిషేధం వల్ల ఒకవైపు ఖజానా రాబడి కోల్పోగా, మరోవైపు కల్లుగీత కార్మికుల ఉపాధి దెబ్బతిన్నది. ఈ అంశంపై నియమించిన రామమూర్తి కమిటీ నిషేధాన్ని తొలగించాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసును అమలు చేయడంలో ప్రభుత్వం వెనుకాడటంతో ప్రతిపక్షాలు అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టాయి. 1954 నవంబరు 6న జరిగిన ఓటింగులో తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటు తేడాతో తెలుగువారి తొలి ప్రభుత్వం పతనమైంది. రాష్ట్రపతి పాలన అనంతరం 1955 ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి ఘనవిజయం సాధించగా, బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

తెన్నేటి మంత్రి పదవిలో ఉన్నది ఆ పదమూడు నెలలే. కానీ ఆయన పేరు నిలిచింది మంత్రిగా కాదు. అధికారంలో లేని రోజుల్లో చేసిన పనే ఆయనకు శాశ్వత కీర్తిని తెచ్చిపెట్టింది.

మాడుగుల నుంచి స్వతంత్రునిగా

1957లో ప్రకాశం పంతులు మరణించారు. గురుతుల్యుడైన నాయకుని అండ లేకున్నా తెన్నేటి రాజకీయాల నుంచి వైదొలగలేదు. 1962లో జరిగిన సాధారణ ఎన్నికల్లో మాడుగుల నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు దాటింది.

శాసనసభలో స్వతంత్ర సభ్యునికి సాధారణంగా లభించే సమయం స్వల్పం. ప్రభుత్వాన్ని నిలబెట్టే, పడగొట్టే బలం ఆయనకు ఉండదు. అయితే ఏ పక్షానికీ చెందకపోవడమే కొన్ని సందర్భాల్లో బలంగా మారుతుంది. కమ్యూనిస్టులు, స్వతంత్ర పార్టీ, సోషలిస్టులు, కాంగ్రెస్‌లోని అసంతృప్తులు ఒకే వేదికపైకి రావలసి వచ్చినప్పుడు వారిలో ఏ ఒక్కరి నాయకత్వాన్నీ ఇతరులు అంగీకరించడం కష్టం. స్వాతంత్ర్యోద్యమ కాలం నాటి పెద్దమనిషి, మాజీ మంత్రి, ఏ పార్టీ జెండా లేని సభ్యుడు అయితే అందరికీ సమ్మతమే. 1966లో విశాఖకు అటువంటి వ్యక్తి అవసరమయ్యారు.

ఉక్కు కర్మాగారానికి విశాఖే ఎందుకు?

నాలుగో పంచవర్ష ప్రణాళికలో భాగంగా దక్షిణాదిన ఒక ఉక్కు కర్మాగారాన్ని నెలకొల్పే ప్రతిపాదన 1960వ దశకం తొలినాళ్ల నుంచి కేంద్రం పరిశీలనలో ఉన్నది. విశాఖతోపాటు మద్రాసు రాష్ట్రంలోని సేలం, మైసూరు రాష్ట్రంలోని హోస్పేట పోటీలో నిలిచాయి. స్థల పరిశీలన కోసం కేంద్రం నియమించిన బ్రిటిష్-అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖ వైపే మొగ్గు చూపింది.

ఒక టన్ను ఉక్కు తయారీకి సుమారు ఒకటిన్నర టన్నుకు పైగా ఇనుప ఖనిజం, దానితోపాటు పెద్ద మొత్తంలో కోకింగ్ బొగ్గు అవసరమవుతాయి. బస్తర్ ప్రాంతంలోని బైలదిలా గనుల నుంచి ఖనిజాన్ని తరలించేందుకు కొత్తవలస - కిరండూల్ రైలుమార్గాన్ని ఆ దశకంలోనే నిర్మించారు. తూర్పు కనుమలను చీల్చుకుంటూ, సొరంగాల గుండా సాగే ఆ మార్గంలో విశాఖ రేవుకు చేరిన ఖనిజం ఓడల్లో జపానుకు ఎగుమతి అయ్యేది. మన రేవు మీదుగా మన ఖనిజం విదేశాలకు వెళ్లి ఉక్కుగా మారుతుండగా, ఇక్కడే కర్మాగారం ఎందుకు నెలకొల్పరాదన్నది స్థానికుల ప్రశ్న. తీరంలో కర్మాగారం ఉంటే విదేశాల నుంచి బొగ్గును చౌకగా దిగుమతి చేసుకోవడానికి, ఉత్పత్తులను ఎగుమతి చేయడానికి వీలుంటుందన్నది సాంకేతిక వాదన. ఈ రెండింటి కలయికే విశాఖకు బలం చేకూర్చింది.

అయితే నిపుణుల నివేదిక వెలువడినంత మాత్రాన కర్మాగారం రాలేదు. నిధుల కొరత కారణంగా కేంద్రం ఈ ప్రతిపాదనను పక్కనపెట్టింది. ఇతర రాష్ట్రాల నాయకుల నుంచి వస్తున్న ఒత్తిడి కూడా నిర్ణయాన్ని జటిలం చేసింది.

సభలో తీర్మానం, వీధుల్లో ఉద్యమం

1966 జూలై 1న రాష్ట్ర శాసనసభ విశాఖలో ఉక్కు కర్మాగారాన్ని స్థాపించాలని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధికార, ప్రతిపక్షాలు ఒక్కమాటపై నిలవడం నాడు అరుదైన దృశ్యం. కానీ 1956 నాటి పారిశ్రామిక విధాన తీర్మానం ప్రకారం ఇనుము, ఉక్కు రంగంలో కొత్త సంస్థలను స్థాపించే బాధ్యత ప్రభుత్వ రంగానికే పరిమితం. భారీ ఉక్కు కర్మాగారానికి కావలసిన పెట్టుబడి కేంద్రం చేతిలోనే ఉన్నది. అందువల్ల రాష్ట్ర శాసనసభ తీర్మానం కేంద్రానికి విజ్ఞప్తి మాత్రమే, ఆదేశం కాజాలదు. ఆ విజ్ఞప్తికి బలం చేకూర్చవలసింది ప్రజలేనని తెన్నేటి గ్రహించారు.

అఖిలపక్ష కార్యాచరణ సంఘం ఆయన అధ్యక్షతన ఏర్పడింది. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదం కోస్తా, రాయలసీమ, తెలంగాణ అన్న భేదం లేకుండా రాష్ట్రమంతటా మారుమోగింది. గుంటూరు జిల్లా తాడికొండకు చెందిన టి. అమృతరావు 1966 అక్టోబరు 15న విశాఖలో నిరాహారదీక్ష ప్రారంభించడంతో ఉద్యమం పతాకస్థాయికి చేరింది. విద్యార్థులు తరగతులు బహిష్కరించి వీధుల్లోకి వచ్చారు. కార్మికులు, ఉద్యోగులు, వర్తకులు బంద్‌లలో పాల్గొన్నారు.

రాష్ట్ర అవతరణకు సరిగ్గా పదేళ్లు నిండిన నవంబరు 1న విశాఖలో జరిగిన పోలీసు కాల్పులు పరిస్థితిని మలుపు తిప్పాయి. మృతుల్లో బాలుడు సైతం ఉండటం ప్రజల ఆగ్రహాన్ని రెట్టింపు చేసింది. ఉద్యమ కాలంలో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయారన్నది ఉద్యమకారులు ఏటా స్మరించుకునే లెక్క. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి హామీతో అమృతరావు నవంబరు మొదటి వారంలో దీక్ష విరమించారు. ప్రతిపక్షాలకు చెందిన పలువురు శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు తమ పదవులకు రాజీనామా చేసి నిరసన తెలిపారు.

ఇక్కడ తెన్నేటి పాత్రను సరిగా అంచనా వేయవలసి ఉన్నది. దీక్ష చేసినది ఆయన కాదు, తూటాలకు బలైనది ఆయన కాదు. భిన్న సిద్ధాంతాల పార్టీలను, విద్యార్థులను, కార్మిక సంఘాలను ఒకే డిమాండుకు కట్టుబడేలా చేయడం ఆయన వంతు. సభలో లభించిన ఏకాభిప్రాయాన్ని వీధిలోనూ నిలబెట్టడం, వీధిలోని ఆగ్రహాన్ని తిరిగి రాజ్యాంగబద్ధమైన మార్గంలోకి మళ్లించడం అనుభవజ్ఞుడైన శాసనసభ్యునికే సాధ్యమయ్యే పని.

కాంగ్రెస్ గాలిలోనూ స్వతంత్ర విజయం

ఉద్యమం ముగిసిన కొద్ది నెలలకే 1967 సాధారణ ఎన్నికలు వచ్చాయి. దేశవ్యాప్తంగా కాంగ్రెస్ బలం తగ్గినప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ పార్టీ నిలదొక్కుకున్నది. శాసనసభలోని 287 స్థానాల్లో 165, లోక్‌సభకు ఉన్న 41 స్థానాల్లో 35 కాంగ్రెస్ ఖాతాలో చేరాయి. అయితే 1962లో కాంగ్రెస్‌కు చెందిన విజయానంద గజపతిని ఎన్నుకున్న విశాఖపట్నం, ఈసారి స్వతంత్ర అభ్యర్థి తెన్నేటి విశ్వనాథాన్ని లోక్‌సభకు పంపింది. డెబ్బై ఏళ్లు దాటిన నాయకుడు, పార్టీ అండ లేకుండా, అధికారపక్షం హవాలో గెలుపొందడం ఉక్కు ఉద్యమంపై ఓటర్లు ఇచ్చిన తీర్పుగానే భావించాలి.

1969లో కాంగ్రెస్ చీలిపోయింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం లోక్‌సభలో ఇతర పక్షాల మద్దతుపై ఆధారపడవలసి వచ్చింది. అదే సమయంలో రాష్ట్రంలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగింది. ఈ పరిస్థితుల మధ్య 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ, సేలం, హోస్పేటలలో ఉక్కు కర్మాగారాలు నెలకొల్పుతామని ప్రకటించారు. ఒక్క కర్మాగారం కోసం పోటీపడిన మూడు ప్రాంతాలకూ ఒకేసారి దక్కిన హామీ అది. 1971 జనవరి 20న ఆమె విశాఖలో శంకుస్థాపన చేశారు.

శంకుస్థాపన జరిగినా పనులు సాగలేదు

శంకుస్థాపన తరువాత పనులు ముందుకు సాగడానికి దశాబ్దం పట్టింది. నిధుల కేటాయింపు నామమాత్రంగా ఉండటంతో శిలాఫలకమే మిగిలిందన్న విమర్శలు వచ్చాయి. 1979 జూన్‌లో సోవియట్ యూనియన్‌తో సాంకేతిక సహకార ఒప్పందం కుదిరిన తరువాతే ఆశలు చిగురించాయి. అదే సంవత్సరం నవంబరు 10న తెన్నేటి విశ్వనాథం కన్నుమూశారు. ఆయన కోరిన కర్మాగారంలో ఒక్క కొలిమి వెలగడాన్ని కూడా ఆయన చూడలేదు.

1982 ఫిబ్రవరిలో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ ఏర్పడింది. 1990లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ పనిచేయడం ప్రారంభించగా, దానికి 'గోదావరి' అని నామకరణం చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అంటే శాసనసభ తీర్మానం నుంచి జాతికి అంకితం దాకా 26 సంవత్సరాలు గడిచాయి. తొలుత 30 లక్షల టన్నులుగా ఉన్న వార్షిక సామర్థ్యం తరువాత విస్తరణ దశల్లో 73 లక్షల టన్నులకు పెరిగింది. దేశంలో సముద్రతీరాన నిర్మించిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారంగా ఇది పేరొందింది. గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి పరిసరాలు పల్లెల నుంచి పట్టణాలుగా మారాయి.

ఈ విజయానికి మూల్యం చెల్లించినవారిని కూడా విస్మరించరాదు. కర్మాగారం, ఉక్కునగరం టౌన్‌షిప్ కోసం వేలాది ఎకరాల భూములు సేకరించగా అరవైకి పైగా గ్రామాలు ప్రభావితమయ్యాయి. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగావకాశం కోసం ఇచ్చిన 'ఆర్ కార్డులు' తరువాతి తరాలకూ ఎడతెగని సమస్యగా మిగిలాయి. ఉద్యమంలో ప్రాణాలర్పించినవారితోపాటు భూములిచ్చినవారి త్యాగమూ ఉక్కు చరిత్రలో భాగమే.

ప్రకాశం కథను పూర్తి చేసిన కలం

తెన్నేటి కేవలం రాజకీయవేత్త కాదు, చేయి తిరిగిన రచయిత కూడా. ప్రకాశం పంతులు తన స్వీయచరిత్ర 'నా జీవిత యాత్ర'ను మూడు భాగాలుగా రాశారు. మిగిలిన జీవితకథను తెన్నేటి నాలుగో భాగంగా రచించి ఆ గ్రంథానికి సమగ్రత చేకూర్చారు. ఆంధ్ర రాష్ట్ర అవతరణ, తొలి మంత్రివర్గం ఏర్పాటు, దాని పతనం వంటి ఘట్టాలను లోపలి నుంచి చూసిన వ్యక్తి రాయడం వల్ల చరిత్రకారులకు ఆ భాగం విలువైన ఆధారమైంది. ఆయన స్మారకార్థం 2004లో భారత తపాలా శాఖ ప్రత్యేక తపాలా బిళ్లను విడుదల చేసింది.

అప్పటికీ ఇప్పటికీ మారినదేమిటి?

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయ ఆమోదం తెలపడంతో 'ఆంధ్రుల హక్కు' నినాదం మళ్లీ వినిపించింది. ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో కార్మిక సంఘాలు రిలే నిరాహారదీక్షలు చేపట్టాయి. విశాఖ ఉత్తర నియోజకవర్గ శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు ఫిబ్రవరిలోనే రాజీనామా సమర్పించగా, అది దాదాపు మూడేళ్ల తరువాత, 2024 జనవరిలో ఆమోదం పొందింది. 2021 మే 20న శాసనసభ ప్రైవేటీకరణను వ్యతిరేకిస్తూ తీర్మానం ఆమోదించింది. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది. సొంత గనుల కేటాయింపు, పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయాన్ని లాంఛనంగా రద్దు చేయడం వంటి డిమాండ్లను కార్మిక సంఘాలు ఆ తరువాతా వినిపిస్తూ వచ్చాయి.

1966, 2021 సంవత్సరాల మధ్య పోలికలు స్పష్టమే. రెండు సందర్భాల్లోనూ సభ తీర్మానించింది, దీక్షలు జరిగాయి, రాజీనామాలు వెలువడ్డాయి, తుది నిర్ణయం ఢిల్లీ చేతిలోనే ఉన్నది. తేడాలు కూడా అంతే ముఖ్యమైనవి. నాటి ఉద్యమం లేని కర్మాగారాన్ని రప్పించడానికి జరిగినది కాగా, నేటిది ఉన్నదాన్ని నిలుపుకోవడానికి జరుగుతున్నది. నాడు ఉక్కు ప్రభుత్వ రంగానికి పరిమితమైన పరిశ్రమ. 1991 సరళీకరణ తరువాత ఆ పరిస్థితి లేదు.

మరొక మార్పు ప్రజాప్రతినిధి స్థానానికి సంబంధించినది. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసే సభ్యుడు సభ్యత్వాన్ని కోల్పోయే ప్రమాదం ఉన్నది. స్వతంత్రునిగా గెలిచి తరువాత ఏదైనా పార్టీలో చేరినా అనర్హత తప్పదు. ఫిరాయింపులను అరికట్టేందుకు వచ్చిన ఈ నిబంధన అవసరమైనదే అయినా, ప్రాంతీయ ప్రయోజనానికి, పార్టీ ఆదేశానికి మధ్య ఘర్షణ వచ్చినప్పుడు సభ్యునికి మిగిలే వెసులుబాటు తగ్గింది. ఎన్నికల వ్యయం పెరిగిన కాలంలో పార్టీ అండ లేకుండా లోక్‌సభ స్థానాన్ని గెలవడం దాదాపు అసాధ్యమైంది. అన్ని పక్షాలకూ ఆమోదయోగ్యుడైన ఒక స్వతంత్రుడు ఉద్యమ సారథి కావడం, అతనినే నియోజకవర్గం పార్లమెంటుకు పంపడం నేటి పరిస్థితుల్లో ఊహించడం కష్టం.

శాసనసభ తీర్మానం ఒక్కటే కర్మాగారాన్ని తేలేదు, ఉద్యమం ఒక్కటే తేలేదు. సభలోని ఏకాభిప్రాయం, వీధిలోని ఐక్యత, సాంకేతిక నివేదిక, కేంద్రంలోని రాజకీయ అనివార్యత అనే నాలుగూ ఒకచోట కలిసినప్పుడే విశాఖకు ఉక్కు దక్కింది. మొదటి రెండింటినీ కలిపి ఉంచడంలో తెన్నేటి సఫలీకృతులయ్యారు. మిగిలిన రెండూ ఆయన చేతిలో లేనివి. కర్మాగారం కోసం గళమెత్తే నేటి ప్రతినిధుల ముందున్న పరీక్ష కూడా ఇదే.

తెన్నేటి జీవితంలో ముఖ్య ఘట్టాలు

1895: లక్కవరంలో జననం.
1952: విశాఖపట్నం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నిక.
1953-54: ప్రకాశం మంత్రివర్గంలో ఆర్థిక, న్యాయ శాఖల మంత్రి.
1962: మాడుగుల నుంచి స్వతంత్రునిగా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నిక.
1966: ఉక్కు ఉద్యమ అఖిలపక్ష కార్యాచరణ సంఘానికి అధ్యక్షత.
1967: విశాఖపట్నం నుంచి స్వతంత్రునిగా లోక్‌సభకు ఎన్నిక.
1979 నవంబరు 10: మరణం.
2004: స్మారక తపాలా బిళ్ల విడుదల.